పిప్పిగాడు బూడిద గీత దాటిన రోజు

హిమా, ఆ కిటికీ దగ్గర్నుంచి ఇటు రా. చేతిలో అదేమిటే, గులకరాయా? వీధిలో కుక్క ఏడుస్తోందని రాయి విసురుతావా? కుక్క ఏడిస్తే కీడని ఎవరు చెప్పారు నీకు? పక్కింటి పిన్నిగారా? ఆవిడ చెప్పనివి ఏమున్నాయి గనక! రాయి అక్కడ పెట్టు. వచ్చి పడుకో. కాళ్ళు మాత్రం నా మీద వెయ్యకు, అసలే నా మోకాళ్ళు నా మాట వినడం లేదు.

ఇవాళ కుక్క కథే చెప్తాను. ఊ కొట్టాలి మరి. నీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది, ఆ తర్వాత నన్ను అనొద్దు.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఊరంతా బెల్లం వాసనే. చుట్టూ చెరకు తోటలు. చలికాలం రాగానే చెరకు నరికేవారు. అప్పుడు గానుగ ఆడేవారు. ఆ తర్వాత రసాన్ని పెద్ద పెనంలో పోసి బెల్లం వండేవారు. పెనమంటే మన అట్ల పెనం అనుకునేవు! నువ్వూ నేనూ మీ అమ్మా ముగ్గురం కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఇంకా చోటు మిగిలే పెనం. కింద భగభగమని పొయ్యి.

ఆ పెనం దగ్గర నిలబడి పాకం చూసే మనిషి పేరు ఎర్నమ్మ.

పాకం చూడటమంటే మాటలు కాదమ్మా. ఒక్క పొంగు ముందు దించితే బెల్లం గట్టిపడదు, జావలా జారిపోతుంది. ఒక్క పొంగు ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది. ఎర్నమ్మ గరిటెతో కాస్త పాకం తీసి చన్నీళ్ళ ముంతలో వేసేది. దాన్ని వేళ్ళతో ఉండ చేసేది. ముంత చెవి దగ్గర పెట్టుకుని, ఆ ఉండని అంచుకి కొట్టి, ఆ టక్కుమనే చప్పుడు వినేది. అప్పుడు, "ఇంకా రెండు పొంగులు" అనేది. రెండంటే రెండే. ఆమె దించమన్న బెల్లం బంగారపు ముద్దలా ఉండేది. ఇప్పుడు మీ అమ్మ కొట్లో కొనుక్కొస్తుందే పొట్లంలో, అదీ ఒక బెల్లమేనా? సర్లే, మళ్ళీ మీ అమ్మ వింటే నా మీదకొస్తుంది.

ఎర్నమ్మ మొగుడు బెల్లం బళ్ళు కట్టుకుని దూరపు సంతలకి పోయేవాడు. నెలలో పాతిక రోజులు దారిలోనే. ఇంట్లో మిగిలేది అత్తాకోడళ్ళు ఇద్దరే. అత్త పేరు కన్నమ్మ. నోరు పెద్దది, నాలాగే. మనసు వెన్న, అదీ నాలాగే. నవ్వుతావేం?

కన్నమ్మ మొల్లో ఎప్పుడూ తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది. ఇంట్లో ఉన్నది ఒక్క పెట్టె. దానికి తాళం ఒక్కటి. గుత్తిలో మాత్రం ఏడు తాళంచెవులు! మిగతా ఆరూ ఏ తాళాలవో ఆవిడకే తెలీదు. అయినా గలగలమంటుంటే ఇంటికి నిండుగా ఉంటుందనేది.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఎర్నమ్మకి ఒక కష్టం ఉంది. ఆమెకి మూర్ఛ వచ్చేది. ఉన్నట్టుండి ఒళ్ళు బిగుసుకుపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని పడిపోయేది. కాసేపటికి అదే తగ్గేది. లేచాక ఏం జరిగిందో ఆమెకి గుర్తుండేది కాదు. పడేముందు జరిగింది కూడా తుడిచేసిన పలకలా పోయేది. ఇప్పుడైతే డాక్టర్లున్నారు, రోజూ వేసుకునే మందులున్నాయి. అప్పుడేమున్నాయి? ఇనుము చేతిలో పెడితే తగ్గుతుందని కన్నమ్మ ఆ తాళాల గుత్తి తీసి కోడలి గుప్పెట్లో కుక్కేది. ఇనుముతో తగ్గేదైతే కమ్మరి ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ రాకూడదు కదా! పాపం, ప్రేమ కొద్దీ పెట్టేది.

ఊ కొట్టవేం? ఆఁ, అలా.

ఒక ఏడాది చెరకు పిప్పి కుప్పలో ఒక కుక్క పిల్లల్ని పెట్టింది. పిప్పంటే రసం తీసేశాక మిగిలే పీచు. దాన్నే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. కుప్ప తీసేసరికి తల్లి లేదు, మిగతా పిల్లలూ లేవు. ఒక్కటి మాత్రం కళ్ళు కూడా తెరవకుండా కుయ్యిమంటోంది. ఎర్నమ్మ దాన్ని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చింది. పిప్పిలో దొరికాడు కాబట్టి పిప్పిగాడని పేరు పెట్టింది.

కన్నమ్మ ఇంటి కప్పెగిరేలా అరిచింది. "మన తిండికే ఠికాణా లేదు, మధ్యలో ఈ కుక్కొకటేటే!" అంది. అలా అన్నదల్లా, సాయంత్రం తాళాలు గలగలలాడించి పిలిచి, మొదటి ముద్ద వాడికే పెట్టింది. అప్పట్నుంచీ గుత్తి చప్పుడు వినబడితే అన్నమొచ్చిందని పరిగెత్తుకొచ్చేవాడు పిప్పిగాడు.

వాడు పెరిగాడు. మామూలు వీధి కుక్కే. గోధుమ రంగు, ఒక చెవి నిలబడేది, ఒక చెవి పడుకునేది. పొద్దున్నే ఎర్నమ్మ కన్నా ముందు లేచేవాడు. ఆమె నూతికి వెళ్తే వెనక, బెల్లం వండే పాకకి వెళ్తే ముందు. మిగతా కుక్కలు పిల్లుల్ని తరుముతుంటే వాడు తలెత్తేవాడు కాదు. పిల్లలు రారమ్మని పిలిచినా ఒకసారి తోకూపి ఊరుకునేవాడు. వాడి కళ్ళెప్పుడూ ఎర్నమ్మ మీదే. పనిలో ఉన్నవాడు మరి.

పెనం, గానుగ, పాక అన్నీ నాయుడిగారివి. ఆయన కుక్కని చూసి నొసలు చిట్లించాడు. "జనం నోట్లో పెట్టుకునే సరుకు తయారయ్యే చోట కుక్కేటమ్మా ఎర్నమ్మా?" అన్నాడు. మాట నిజమే. అప్పుడాయన పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి, పాక గుమ్మంలో ఒక గీత గీశాడు. "మీ పిప్పిగాడు ఈ గీత దాటి వచ్చాడంటే కర్ర తీస్తాను" అన్నాడు.

పిప్పిగాడు ఆ గీత అంచునే ముందుకాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క వేలు కూడా అవతల పెట్టలేదు. రోజూ పొద్దున్న ఎర్నమ్మ కొత్త గీత గీసేది, వాడొచ్చి కూర్చునేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా విను. వాసనో, ఊపిరో, మరేదో, వాడికెలా తెలిసేదో నాకు తెలీదు. మూర్ఛ రాబోతోందంటే ఎర్నమ్మ కన్నా ముందు వాడికి తెలిసిపోయేది. అప్పుడు మొదట సన్నగా ఏడ్చేవాడు. ఆ తర్వాత ఆమె కుచ్చెళ్ళు నోట కరిచి లాగేవాడు. ఏమిట్రా నీ గోలని ఆమె విసుక్కుంటూ కూర్చోగానే, ఒళ్ళో అడ్డంగా పడుకునేవాడు. ఆమె మళ్ళీ కళ్ళు తెరిచేదాకా కదిలేవాడు కాదు.

లేచాక ఎర్నమ్మకి ఇవేవీ గుర్తుండవు. ఒళ్ళో కుక్క వెచ్చగా ఉండటం ఒక్కటే తెలిసేది.

ఆమెకి గుర్తులేదు సరే. ఊరికి కళ్ళున్నాయి కదా! ఊరేం చూసిందో విను.

మొదటిసారి బెల్లం పాకలో. పెనం ఉడుకుతోంది. పిప్పిగాడు ఏడ్చాడు. గీత దాటి లోపలికొచ్చి, ఎర్నమ్మని పెనం దగ్గర్నుంచి బయటికి లాక్కెళ్ళాడు. కాసేపటికి ఆమెకి మూర్ఛ వచ్చింది. నాయుడిగారు కర్ర తీశాడు గానీ, ఆ గొడవలో కొట్టడం మర్చిపోయాడు.

రెండోసారి ఏటి రేవులో. ఆమె బిందె తీసుకుని నీళ్ళలోకి దిగబోతోంది. పిప్పిగాడు ఏడ్చాడు. అడ్డం నిలబడి దిగనివ్వలేదు. ఆమె ఒడ్డున కూలబడింది. అప్పుడు మూర్ఛ వచ్చింది. బట్టలుతికే ఆడవాళ్ళందరూ చూశారు.

మూడోసారి నాయుడిగారి ఇంట్లో. ఆయన మనవరాలిని ఉయ్యాల్లో వేసే వేడుక. ముత్తైదువలందరూ వచ్చారు. ఎర్నమ్మ పసిపిల్లని ఎత్తుకుని ముద్దులాడుతోంది. గుమ్మం బయట పిప్పిగాడు ఏడుపందుకున్నాడు. శుభమా అని పసిపిల్లకి పేరు పెడుతుంటే కుక్క ఏడుపు! అందరూ ఛీ ఛీ అన్నారు. ఈలోగా వాడు లోపలికి దూరి ఎర్నమ్మ చీర పట్టుకుని లాగాడు. ఆమె గబుక్కున పిల్లని ఉయ్యాల్లో పెట్టి, కింద చాప మీద కూర్చుంది. అంతే, మూర్ఛ.

పిల్ల చేతుల్లో ఉండగా పడుంటే ఏమయ్యేదో ఒక్కరికీ తోచలేదు. కుక్క ఏడవడం ఒక్కటే అందరి చెవులకీ పట్టింది.

"చూశారా, ఆ కుక్క ఏడ్చినప్పుడల్లా ఈవిడ పడుతోంది. ఆ రోగం తెస్తున్నది ఆ కుక్కే" అందొకామె. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పండు పడిందని చెప్పుకోవడానికి జనానికి ఎంతసేపు! సాయంత్రానికి ఊరంతా అదే మాట. కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి మూతికి మూకుడేదీ?

కన్నమ్మ ఆ మాట వింది. నమ్మింది. నమ్మిందంటే కుక్క మీద కోపంతో కాదే, కోడలి మీద ప్రేమతో. తప్పులన్నీ కోపంతోనే చేస్తారనుకోకు. ప్రేమతో చేసే తప్పులు ఇంకా పెద్దవి.

మర్నాడు మధ్యాహ్నం ఎర్నమ్మ అలిసిపోయి నిద్రపోతోంది. కన్నమ్మ పెరట్లోకి వచ్చి తాళాలు గలగలలాడించింది. అన్నమనుకుని వచ్చాడు పిప్పిగాడు. తోకూపుకుంటూ ఆవిడ వెనకే నడిచాడు. ఏరు దాటారు. తోటలు దాటారు. అవతలి ఊరి గట్టు మీద గొర్రెలు కాసుకునే గవరయ్య ఉంటే, "మందకి కాపలా ఉంటాడు, ఉంచుకో నాయనా" అని వాడి మెడకి తాడు కట్టి అప్పజెప్పింది. తిరిగి నడుస్తుంటే వెనక వాడు ఏడుస్తున్నాడు. కన్నమ్మ చెవులు మూసుకుని నడిచింది. గుత్తి చప్పుడవ్వకుండా గట్టిగా పిడికిట్లో పట్టుకుంది.

ఎర్నమ్మ లేచి, "అత్తా, పిప్పిగాడేడీ?" అంది.

"నన్నడుగుతావేం? వీధి కుక్క కదా, ఎటో పోయుంటాడు" అంది కన్నమ్మ.

ఎర్నమ్మ సాయంత్రం దాకా ఊరంతా తిరిగి పిలిచింది. అక్కడుంటే కదా వచ్చేది! ఆ పూట అన్నం కలుపుకుని తినకుండా లేచిపోయింది. కన్నమ్మ కూడా కంచం పక్కకి నెట్టేసింది. అయినా, ఇక నా కోడలికి మూర్ఛ రాదు కదా, అదే పదివేలు అనుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు ఎర్నమ్మ వంటింట్లోంచి వస్తూ గుమ్మంలోనే విరుచుకుపడింది. గడప తగిలి నుదురు చిట్లింది. కన్నమ్మ గుత్తి తెచ్చి గుప్పెట్లో పెట్టింది. ఆ తర్వాత సానరాయి మీద పసుపుకొమ్ము అరగదీసి గాయానికి అద్దింది. "కుక్క పోయినా దాని నీడ ఇంకా పోలేదు" అనుకుంది.

మరో వారానికి ఏటి రేవులో పడింది. మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. పక్కనున్న ఆడవాళ్ళు జుట్టు పట్టి లాగకపోతే నీళ్ళలోకి పోయేదే. కన్నమ్మ మళ్ళీ గుత్తి పెట్టింది, మళ్ళీ పసుపు తీసింది.

ఆ తర్వాత బెల్లం పాకలో. ఈసారి ఏడ్చేవాడు లేడు, చీర లాగేవాడు లేడు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడింది. భుజం పొయ్యి రాయికి తగిలి తెగింది. మంటకి మూరెడు దూరంలో పడింది, తల్లీ! మూరెడు అటైతే కథే లేదు.

అప్పుడు నాయుడిగారు కన్నమ్మని పిలిచాడు. "కన్నమ్మా, నీ కోడలి చేతిలో ఉన్న పాకం ఈ చుట్టుపక్కల ఎవరి చేతిలోనూ లేదు. కానీ ఆ మనిషి నా పెనంలో పడితే నేను బతకలేను. ఇక రావొద్దని చెప్పు" అన్నాడు.

ఎర్నమ్మ ఆ మాట విని ఏడవలేదు. గోడకి జేరబడి తన చేతివేళ్ళకేసి చూసుకుంది. "అత్తా, పెనం దగ్గర ఉన్నంతసేపూ నేను ఎర్నమ్మని. ఇంట్లో కూర్చుంటే ఒట్టి మూర్ఛ మనిషిని" అంది.

కన్నమ్మ లేచి లోపలికెళ్ళింది. భుజానికి మందు వెయ్యాలని సానరాయి ముందేసుకుని కూర్చుంది. పసుపుకొమ్ము కోసం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. కొమ్ములన్నీ అయిపోవచ్చాయి. ఈ నెలలో ఇంత పసుపు ఎలా అయిందా అని ఆలోచించింది. నుదుటికి ఒకసారి, మోచేతులకి ఒకసారి, ఇప్పుడు భుజానికి.

అప్పుడు ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

పిప్పిగాడు ఉన్నప్పుడూ మూర్ఛ వచ్చింది. పాకలో వచ్చింది, రేవులో వచ్చింది, నాయుడిగారింట్లో వచ్చింది. కానీ అప్పుడు ఒక్కసారైనా పసుపు అరగదీశానా? ఒక్క గీరైనా పడిందా నా కోడలి ఒంటి మీద? వాడు పోయాక మూర్ఛ ఆగలేదు. గాయాలే వచ్చాయి. అయితే వాడు ఏడ్చింది... వాడు లాగింది...

"ఓరి నాయనో! వాడు తేలేదు, చెప్పాడు! వస్తోంది కూర్చోమని చెప్పాడు!" అని కన్నమ్మ నెత్తి బాదుకుంది. ఎర్నమ్మ ముందు కూలబడి, తను చేసిందంతా కక్కేసింది. ఏరు దాటించింది చెప్పింది, అబద్ధమాడింది చెప్పింది.

ఎర్నమ్మ అత్త చెయ్యి తోసేసింది. కోపం రాదా మరి? రావాల్సిందే. ఆ తర్వాత ఒక్క మాట అంది. "వెళ్ళి తీసుకురా అత్తా. తాళాలు ఊపి పిలవకు. ఆ చప్పుడంటే వాడికి భయమేసుంటుంది."

కన్నమ్మ ఏరు దాటింది. గట్టు మీద గవరయ్య, "తీసుకుపో తల్లీ, నా గొర్రెల్ని వీడు ఒక్కనాడూ చూడలేదు. అటు ఏటి వైపే చూస్తూ కూర్చుంటాడు. తిండి కూడా సరిగ్గా ముట్టడు" అన్నాడు. పిప్పిగాడు ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. కన్నమ్మని చూసి లేవలేదు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

అప్పుడు కన్నమ్మ, అంత నోరున్న మనిషి, గొర్రెల మధ్య వాడి ముందు గొంతుక్కూర్చుంది. రెండు చేతులతో టపటపా లెంపలేసుకుంది. "తప్పైపోయింది నాయనా. నీ మాట నాకు అర్థం కాలేదురా. బుద్ధొచ్చింది" అంది. గవరయ్య నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నవ్వితే నవ్వనీ. తప్పు చేశాక లెంపలేసుకోవడానికి కుక్కైతేనేం, కలెక్టరైతేనేం!

పిప్పిగాడు ఆవిడ చెయ్యి వాసన చూశాడు. చేతికి పసుపుంది, పసుపు కింద ఎర్నమ్మ నెత్తురుంది. అంతే, లేచాడు. కన్నమ్మ తాడు విప్పడమే ఆలస్యం, ఆవిడ కోసం ఆగకుండా ఏరు ఈదుకుంటూ వెళ్ళిపోయాడు. కన్నమ్మ ఇల్లు చేరేసరికి వాడు ఎర్నమ్మ ఒళ్ళో ఉన్నాడు. ఒకరినొకరు వదల్లేదు. నేనైతే వర్ణించలేను తల్లీ, నువ్వే అనుకో.

ఆ తర్వాత కన్నమ్మ తన గుత్తి విప్పింది. పెట్టె తాళంచెవి ఒక్కటీ కొంగున ముడేసుకుని, మిగతా ఆరూ తాడుకి గుచ్చి, పిప్పిగాడి భయం పోయేలా ముందు వాసన చూడనిచ్చి, వాడి మెడలో కట్టింది. "ఇన్నాళ్ళూ నీ గుప్పెట్లో పెట్టానే కోడలా, ఏం ఒరిగింది? వీడి మెడలో ఉంటే వీడు ఎటు పోతున్నాడో నలుగురికీ వినబడుతుంది" అంది. తలకి మించిన తెలివి కాదూ!

మర్నాడు ఇక నాయుడిగారి ఇంటికెళ్ళారు. ఆయన అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. కొత్తగా పెట్టిన మనిషి ఒక పెనం మాడ్చాడు, ఒక పెనం జావ చేశాడు. ఇంకో రెండు రోజుల్లో అమ్మవారి పండగ. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పండగనాడు ఊరంతా చూస్తుండగా ఒక పెనం బెల్లం వండి, అచ్చు పోసి, అమ్మవారికి పెట్టి, ఇంటింటికీ ఒక ముక్క పంచుతారు. అది చెడితే ఏడాదంతా చెడుతుందని భయం.

కన్నమ్మ జరిగిందంతా చెప్పింది. నాయుడిగారు నమ్మీ నమ్మనట్టు గడ్డం గోక్కున్నాడు. ఉయ్యాల్లోని మనవరాలి వైపు చూశాడు. "పండగ పెనం నువ్వే చూడు ఎర్నమ్మా. ఆ గీత దగ్గర వాణ్ణి కూర్చోబెట్టు" అన్నాడు.

నిద్రొస్తోందా? ఇప్పుడే అసలైంది. ఊఁ?

పండగ రోజు. పాక చుట్టూ జనం. ఎర్నమ్మ స్నానం చేసి, కొత్త చీర కట్టి, బూడిద గీత గీసింది. గీత ఇవతల పిప్పిగాడు. వాడి పక్కన కన్నమ్మ, గోనెపట్టా పరిచి సిద్ధంగా. గీత అవతల పెనం. రసం కాగింది. తెట్టు తీసింది. పాకం ముదురుతోంది. ఊరంతా ఊపిరి బిగబట్టింది.

ఎర్నమ్మ ముంతలో పాకం వేసింది. ఉండ చేసింది. చెవి దగ్గర పెట్టుకుంది.

అప్పుడు పిప్పిగాడు ఏడ్చాడు.

అమ్మవారి బెల్లం దగ్గర కుక్క ఏడుపు! జనం గోలెత్తారు. "అపశకునం! తరమండి దాన్ని!" అన్నారు. ఒకాయన కర్ర ఎత్తాడు. పిప్పిగాడు కర్రని చూడలేదు. తాళాలు గలగలమంటుంటే గీత దాటేశాడు. కన్నమ్మ రెండు చేతులూ చాపి కర్రకి అడ్డం నిలబడింది. "కొడితే ముందు నన్ను కొట్టు! అది ఏడుపు కాదు, కబురు! నా కోడలికి కబురు చెబుతున్నాడు, నోళ్ళు మూయండి!" అని అరిచింది. అంత నోరు దేవుడు ఆవిడకి ఈ ఒక్క పూట కోసమే ఇచ్చాడేమో!

పిప్పిగాడు కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతున్నాడు. ఎర్నమ్మ ఒక్కసారి పెనం వైపు చూసింది. ప్రాణమంతా అందులోనే ఉంది. వదిలితే పాకం పోతుందేమో. వదలకపోతే తనే పోతుంది. ఆమె గరిటె నాయుడిగారి చేతికిచ్చింది. "ఇంకా మూడు పొంగులు. మూడో పొంగు మీద దించండి బాబూ" అంది. పిప్పిగాడి వెంట గీత దాటి ఇవతలికొచ్చి గోనెపట్టా మీద కూర్చుంది. వాడు ఒళ్ళో అడ్డంగా పడుకున్నాడు.

అప్పుడొచ్చింది మూర్ఛ.

కన్నమ్మ చెయ్యి అలవాటు కొద్దీ మొలలో గుత్తి కోసం వెళ్ళింది. గుత్తి లేదు. ఆవిడ కొంగు మడిచి కోడలి తల కింద పెట్టి, మెల్లగా పక్కకి ఒత్తిగిల్లేలా చేసి, ఊరికే దగ్గర కూర్చుంది. అంతకన్నా చెయ్యాల్సింది ఏమీ లేదు.

అవతల నాయుడిగారు గరిటె రెండు చేతులా పట్టుకుని పెనం ముందు నిలబడ్డాడు. పాకం పొంగింది. "ఒకటి" అన్నాడు. ఇందాక కర్ర ఎత్తినాయన కర్ర కింద పడేసి పెనం చెవి పట్టుకోవడానికి వచ్చాడు. మళ్ళీ పొంగింది. "రెండు" అన్నారు నలుగురు. మూడోసారి పొంగగానే ఊరంతా ఒక్క గొంతుతో, "మూడు!" అంది. దించేశారు. అచ్చులో పోసేశారు.

కాసేపటికి ఎర్నమ్మ కళ్ళు తెరిచింది. ఒళ్ళో వెచ్చగా పిప్పిగాడు. చుట్టూ ఊరు. ఎప్పుడూ లేచాక నేనెక్కడున్నానని అడిగే మనిషి, ఆ రోజు మాత్రం, "దించారా?" అంది.

"దించాం తల్లీ."

"ఎన్ని పొంగులకి?"

"నువ్వు చెప్పిన మూడుకే" అన్నాడు నాయుడిగారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. పొగ వల్ల అని చెప్పుకున్నాడులే.

బెల్లం బంగారపు ముద్దలా కట్టింది. అమ్మవారికి పెట్టారు. ఇంటింటికీ ముక్క పంచారు. పిప్పిగాడికీ గోరంత ముక్క పెట్టారు. కుక్కలకి బెల్లం మంచిది కాదే, అందుకే గోరంత. ఎర్నమ్మ ఒంటి మీద ఆ రోజు కొత్తగా ఒక్క గీరు పడలేదు. కన్నమ్మ పసుపు తియ్యలేదు.

ఆ తర్వాత ఎర్నమ్మకి మూర్ఛ పోయిందా అంటావా? పోలేదు. అన్నీ పోవు తల్లీ. వచ్చేది, పోయేది. కానీ పిప్పిగాడి ఏడుపుతో తాళాలు గలగలమని వినబడితే దారిన పోయేవాళ్ళే ఆమె చేతిలో బిందె అందుకునేవారు, గోనెపట్టా పరిచేవారు. ఎర్నమ్మ ముసలిదయ్యేదాకా ఆ పెనం దగ్గరే నిలబడింది. పాక గుమ్మంలో బూడిద గీత మాత్రం రోజూ గీసేవారు. అది దాటితే కొట్టడానికి కాదు, దాటినప్పుడు కనిపెట్టడానికి.

ఆ ఊళ్ళో కుక్క ఏడిస్తే ఇక ఎవరూ రాయి తియ్యలేదు. ముందు, "ఎవరికి చెబుతోందో" అని అడిగేవారు.

ఏమిటే లేచావ్? ఈ వీధి కుక్క ఎవరికి చెబుతోందనా? అదీ, అలా అడగాలి! ఉండు, దీపం వేస్తాను. చూడు, మన గేటు బయటే నిలబడి లోపలికి చూస్తోంది. లోపల ఆ నీళ్ళ డ్రమ్ము వెనక కదులుతున్నదేమిటి? ఓసినీ, దాని పిల్ల కదే! సాయంత్రం ఆడుకుని గేటు వేసి వచ్చింది ఎవరమ్మా? నువ్వేగా? పాపం, అప్పట్నుంచీ నీకే చెబుతోంది, మనకే వినబడలేదు.

పద, చెప్పులేసుకో. గేటు తీద్దాం. లెంపలు తర్వాత వేసుకుందువుగాని, ముందు పిల్లని తల్లి దగ్గరికి పోనీ.

చూశావా, ఏడుపాగిపోయింది. రా, ఇక పడుకో.

గానుగ ఆగింది, పొయ్యి ఆరింది,
బెల్లం ముక్క బుగ్గన చేరింది,
గుత్తి గలగల గుమ్మాన ఆగింది,
కూన వెళ్ళి తల్లిని చేరింది,
కథ నడుచుకుంటూ కంచికి చేరింది,
మా హిమ కునుకుతూ దుప్పటిలో దూరింది.